గొంతులు ఆగాక మిగిలిందేమిటి? తమ్ముడి వైద్యంలో నా అనుభవం

మా తమ్ముడికి మందులు పనిచేశాయని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్న రోజుల్లోనే నాకు అసలు టెన్షన్ మొదలైంది. చెవిలో వినిపించే గొంతులు తగ్గాయి. ఎదురింటివాళ్లు తన ఫోన్ వింటున్నారన్న అనుమానం పోయింది. రాత్రి నిద్ర పడుతోంది. చూడటానికి వచ్చిన చుట్టాలు "ఇంకేంది, పిలగాడు మంచిగైండు" అని చాయ్ తాగి వెళ్లేవారు. ఆ మంచిగైన పిలగాడు పొద్దున లేచి మంచం మీద కూర్చుంటే, అమ్మ వచ్చి "లే బిడ్డా, మొఖం కడుక్కో" అనేదాకా కదిలేవాడు కాదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఏం అడిగినా "ఊఁ", "ఏమో", "ఏం లేదు". కోపం లేదు, ఏడుపు లేదు, నవ్వు లేదు.

మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జబ్బు బయటపడేనాటికి తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు, వయసు 21. స్కీజోఫ్రీనియా అని డాక్టర్ సారు చెప్పిన రోజు బాపు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా వాడి వెంట ఆసుపత్రికి తిరుగుతున్నాను. ఈ జబ్బులో కంటికి ఆనని భాగం ఒకటుందని, దాన్ని కూడా కొలుస్తారని, ఒకసారి కొలిస్తే సరిపోదని అక్కడే తెలుసుకున్నాను. ఇంట్లో ఇలాంటి పిల్లలున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

సారు మొదట్లోనే విడమరిచి చెప్పారు. ఉండకూడనివి వచ్చి చేరడం ఒక రకం: లేని గొంతులు వినపడటం, లేని శత్రువులు కనపడటం. వీటిని పాజిటివ్ లక్షణాలంటారు. ఉండాల్సినవి తగ్గిపోవడం రెండో రకం, అవి నెగెటివ్ లక్షణాలు. మొదటి రకాన్ని మందులు బాగా అదుపు చేస్తాయి, రెండో రకం దగ్గర వాటి బలం తక్కువ. చదువు, పని, నలుగురితో కలవడం ఎంతవరకు తిరిగి వస్తాయన్నది మాత్రం ఎక్కువగా ఈ రెండో రకం మీదే ఆధారపడి ఉంటుంది. 2005లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిపుణులను కూర్చోబెట్టి చర్చించినప్పుడు ఐదు విషయాలను నెగెటివ్ లక్షణాలుగా ఒప్పుకున్నారు. ముఖంలో, గొంతులో భావం తగ్గడం. మాట తగ్గడం. మనుషుల్లో కలవాలన్న కోరిక తగ్గడం. సంతోషం తగ్గడం. ఏదైనా పని పూనుకుని చేయడం తగ్గడం.

ఆ ఐదూ వింటుంటే నాకు పాత రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గొంతులు మొదలవడానికి ఏడాది ముందే వాడు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు క్రికెట్‌కు పోవడం మానేశాడు. బతుకమ్మ వచ్చిందంటే తంగేడు, గునుగు పువ్వు కోసం చీకటితోనే సైకిలెక్కి హసన్‌పర్తి వైపు పోయేవాడు, ఆ ఏడు లేపినా లేవలేదు. స్కీజోఫ్రీనియాలో చాలామందికి ఇలాగే జరుగుతుంది. కేకలు, భయాలు బయటపడకముందే నెగెటివ్ లక్షణాలు మెల్లగా ఇంట్లోకి వచ్చేసి ఉంటాయి. గొంతులు మొదలయ్యాక కూడా గాలి సోకిందని, ఎవరో చేతబడి చేశారని పెద్దవాళ్లు తాయెత్తులకు, మొక్కులకు తిప్పారు. అలా నెలలు గడిచిపోయాయి. వైద్యం ఎంత ఆలస్యమైతే నెగెటివ్ లక్షణాలు అంత ఎక్కువగా మిగిలే అవకాశం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే మా స్కూల్లో ఏ తల్లైనా "మా పెద్దోడు రూం నుంచి బయటికే వస్తలేడు మేడం" అంటే నేను 14416 రాసిస్తాను. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబర్. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టే పని లేదు.

మొదటి కొలత సైకాలజిస్ట్ మేడం గదిలో జరిగింది. రక్తం తీయలేదు, స్కాన్ లేదు. మేడం వాడితో ముప్పావు గంట దాకా మాట్లాడారు, ఆ తర్వాత నన్ను పిలిచి వారం రోజులుగా ఇంట్లో ఎలా ఉన్నాడో అడిగారు. వాడిన పద్ధతి పేరు పాన్స్. స్టాన్లీ కే, ఫిస్‌బైన్, ఓప్లర్ అనే ముగ్గురు 1987లో ప్రచురించారు. మొత్తం 30 అంశాలు. అందులో పాజిటివ్ 7, నెగెటివ్ 7, మిగతా 16 ఆందోళన, దిగులు, ఏకాగ్రత లాంటివి. ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు వేస్తారు. 1 అంటే ఆ లక్షణం లేదని అర్థం. కాబట్టి నెగెటివ్ భాగంలో ఏ ఇబ్బందీ లేని మనిషికి కూడా 7 వస్తుంది, ఎంత ఎక్కువైనా 49 దాటదు. సున్నా ఎప్పుడొస్తుందా అని బాపు చాలాకాలం ఎదురుచూశాడు పాపం. ఆ రోజు తమ్ముడికి 27 వచ్చింది.

ఆ కొలతలో సామెతలు కూడా ఉంటాయి. "ఇంట గెలిచి రచ్చ గెలువు అంటారు కదా, అంటే ఏంటి?" అని మేడం అడిగితే వాడు చాలాసేపు ఆగి, "ఇంట్ల గెలవాలె. తర్వాత బయట గెలవాలె" అన్నాడు. వాడు పదో తరగతిలో తెలుగు పరీక్షకు సామెతలు నాకే నేర్పేవాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. అయితే మాట వెనక అర్థం పట్టుకోగలడా అని చూసే ఈ అంశం పాన్స్ నెగెటివ్ జాబితాలో ఉన్నా, తర్వాతి విశ్లేషణల్లో ఇది ఆలోచనాశక్తికి సంబంధించినదని, మిగతా నెగెటివ్ లక్షణాలతో కలిసి పెరగదని, తగ్గదని తేలింది. అందుకే మేడం మొత్తం స్కోరు రాసినా, ముఖం, మాట, కలివిడితనం, కదలికల నెమ్మది లాంటి అంశాలను విడిగా కూడి పక్కన ఇంకో అంకె రాసుకునేవారు.

మూణ్ణెల్లకోసారి ఇదే తంతు. కొంతకాలానికి మేడం ఇంకో స్కేలు కూడా కలిపారు. దాన్ని బీఎన్‌ఎస్‌ఎస్ అంటారు, 2011లో వచ్చింది, 13 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 6. నాకు మా తమ్ముణ్ని కొత్తగా చూపించింది ఇదే. ఇందులో మనిషి చేసిన పనికి ఒక మార్కు, లోపల ఉన్న కోరికకు ఇంకో మార్కు వేస్తారు.

వాడి చిన్నప్పటి దోస్తు పెళ్లి పరకాలలో జరిగింది. వాడు పోలేదు. దోస్తులు కూడా ఇంక వీణ్ని పిలవడం దండగ అనుకున్నారు. తర్వాతి కొలతలో మేడం ఆ సంగతి అడిగి, "పోవాలనిపించిందా?" అన్నారు. వాడు టేబుల్ వైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నేను నోరు తెరవబోతే మేడం చేత్తో ఆపారు. "అనిపించింది. అంగీ ఇస్త్రీ చేస్కున్న. బస్టాండ్ దాక పోవుడు అయితలేదు" అన్నాడు. నిజమే, పెళ్లి రోజు నీలం చారల అంగీ ఇస్త్రీ మడత నలగకుండా తలుపు వెనక కొక్కానికి వేలాడింది. ఇంట్లో అందరం చూశాం, ఎవరికీ అది ఒక సంగతిలా తోచలేదు. "చేసిన పని" గడిలో మేడం ఎక్కువ మార్కు, "కోరిక" గడిలో తక్కువ మార్కు వేశారు. ఇక్కడ మార్కు ఎక్కువంటే ఇబ్బంది ఎక్కువని. అంటే కోరిక ఇంకా ఉంది, కాలు కదలడం దగ్గర ఆగిపోతోంది.

సంతోషం గురించి కూడా ఇలాగే విడదీసి అడుగుతారు. "బిర్యానీ తినేటప్పుడు బాగుంటదా?" "బాగుంటది." "ఆదివారం తిందామని శనివారం అనుకుంటే సంతోషమైతదా?" "అట్లేం ఉండది." స్కీజోఫ్రీనియా ఉన్నవాళ్లలో అప్పటికప్పుడు కలిగే సంతోషం చాలావరకు నిలిచే ఉంటుందని, రాబోయేదాన్ని ఊహించి ముందే సంతోషపడటం తగ్గుతుందని పరిశోధకులు కూడా గమనించారు. మరి ముందు సంతోషమే లేకపోతే మంచం దిగి బస్టాండ్‌కు ఎవరు పోతారు? అప్పటినుంచి మేం "నీకు ఇష్టమే కదా, పోరాదు" అనడం మానేశాం. బండి తీసి, "ఎక్కు, భద్రకాళి చెరువు కట్ట దాక పోదాం" అంటున్నాం. అక్కడికి చేరాక వాడే ఇంకాసేపు ఉందామంటాడు.

ఇంటినుంచి ఏం చెప్పాలన్నది కూడా నేర్చుకోవాల్సిన విషయమే. "మంచిగనే ఉంటున్నడు మేడం" అంటే ఆమె పెన్ను కదిలించరు. "మంచిగ అంటే ఏం చేసిండమ్మా?" అంటారు. స్నానం చెప్తే చేశాడా, చెప్పకుండా చేశాడా? ఫోన్ వస్తే ఎత్తాడా, తనే ఎవరికైనా చేశాడా? మా ఇంట్లో అమ్మ పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంది. ఆ గడుల్లోనే నేను ఇంకో మూల రాయడం మొదలుపెట్టాను. తనంతట తను చేసిన పనికి "త", చెప్పాక చేసిన పనికి "చె", పక్కన పని పేరు. నెల తిరిగేసరికి అమ్మానాన్నల వాదన ఆగిపోయింది. అమ్మకు మంచి రోజు గుర్తుండేది, బాపుకు చెడ్డ రోజు గుర్తుండేది. క్యాలెండర్ రెండూ చూపించేది.

స్కోరు పెరిగిందంటే జబ్బు ముదిరిందని కాదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికీ చెప్పాలని ఉంది నాకు. గొంతులు పూర్తిగా పోవడం లేదని ఒకసారి సారు రిస్పెరిడోన్ మోతాదు పెంచారు. గొంతులు పోయాయి. నెగెటివ్ స్కోరు మాత్రం 31కి చేరింది. ముఖం చెక్కలా బిగుసుకుపోయింది, నడుస్తుంటే చేతులు ఊగడం లేదు. సారు వాడి మోచేతిని పట్టుకుని మడిచి చాపారు, మణికట్టు తిప్పారు, నుదుటి మీద వేలితో తట్టి రెప్పలు ఎలా కొడుతున్నాడో చూశారు, గదిలో అటూ ఇటూ నడిపించారు. మందు వల్ల ఒళ్లు బిగుసుకుపోవడాన్ని కొలిచే సింప్సన్ ఆంగస్ స్కేలు అది, 1970 నాటిది. ముఖంలో కదలిక పోవడం జబ్బు వల్ల కావచ్చు, మందు వల్ల కూడా కావచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. సారు మోతాదు తగ్గించి, ఆ బిగుతు పోవడానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మందు చేర్చారు. తర్వాతి కొలతకు 24. అంటే ఆ పెరిగిన స్కోరు మాత్రలదే. ఆ సమయంలో మా దగ్గరివాళ్లు "మందులు ఆపేయరాదు, మనిషి రాయోలె అయితుండు" అన్నారు. ఆపి ఉంటే గొంతులు తిరిగొచ్చేవి. సందేహం ఉంటే కొలిపించాలి, డాక్టర్‌తో మాట్లాడాలి, సొంతంగా ఆపకూడదు.

ఇంకొన్నాళ్లకు మళ్లీ పెరిగింది. ఈసారి ఒళ్లు బిగుసుకోలేదు. తెల్లవారకముందే మెలకువ వస్తోంది, అందరికీ భారమయ్యానని ఒకసారి అమ్మతో అన్నాడు. మేడం కాల్గరీ స్కేలు తీశారు. స్కీజోఫ్రీనియా ఉన్నవాళ్లలో డిప్రెషన్‌ను నెగెటివ్ లక్షణాల నుంచి విడదీసి చూడటానికే తయారుచేసిన 9 అంశాల పద్ధతి అది. నెగెటివ్ లక్షణాల్లో మనసు ఖాళీగా ఉంటుంది, డిప్రెషన్‌లో బాధగా ఉంటుంది. అడిగితేనే ఆ తేడా బయటికొస్తుంది. చనిపోవాలనిపిస్తోందా అని మేడం నేరుగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మా మేనత్త భయపడింది, కానీ అలా ఏం జరగదని, అడగకపోవడమే ప్రమాదమని మేడం చెప్పారు. మొదటిసారి జబ్బుపడి తేరుకునే రోజుల్లో ఈ దిగులు చాలామందికి వస్తుంది. తనకు జరిగిందేమిటో అర్థమయ్యేది అప్పుడే కదా. దానికి విడిగా వైద్యం చేశారు, కొన్ని నెలలకు తగ్గింది.

స్కోరు పెంచే మూడో కారణం మా వంటింట్లోనే ఉంది. అమ్మ వాడికి కంచం చేతిలో పెట్టేది, నీళ్లు పక్కన పెట్టేది, బట్టలు తీసిచ్చేది. తల్లి మనసు, ఎవరూ తప్పు పట్టలేరు. అయితే చేసే అవకాశమే లేనప్పుడు వాడు చేయగలడో లేదో ఎలా తెలుస్తుంది? చుట్టూ పని, మాట, మనుషులు లేకపోయినా మనిషి ఇలాగే అవుతాడని, దాన్ని కూడా జబ్బు ఖాతాలో వేయకూడదని మేడం అన్నారు. అమ్మ కంచం కడిగి స్టాండులో పెట్టి ఊరుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో వాడు మధ్యాహ్నం దాటేదాకా తినలేదు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనక గదిలో కూర్చునేది. తర్వాత లేచి పెట్టుకున్నాడు. ఇప్పుడు బాపుకు కూడా వడ్డిస్తాడు.

మేడం సెలవు మీద ఉన్నప్పుడు ఇంకొకరు కొలిచారు. ఆయన పుస్తకాల్లో రాసే తెలుగులో, మధ్యమధ్య ఇంగ్లీషులో అడిగారు. వాడు తల వంచుకుని ఒక్కో ముక్క చెప్పాడు. స్కోరు బాగా ఎక్కువ వచ్చింది. మా దగ్గర పెద్దమనిషి ముందు కుర్రాడు కళ్లెత్తి చూడడు, అడిగినంతవరకే చెబుతాడు, అది మర్యాద. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే నెగెటివ్ లక్షణంగా పడిపోతుంది. మేడం తిరిగొచ్చాక ఆ అంకెను పాతవాటి పక్కన పెట్టి పోల్చలేదు. ఈ స్కేళ్లు వేసేవాళ్లకు ముందు శిక్షణ ఇచ్చి, ఒకే ఇంటర్వ్యూకు వేర్వేరు మనుషులు వేసిన మార్కులు దగ్గరగా వస్తున్నాయా అని సరిచూసేది ఇందుకే. వీలైనంతవరకు కొలిచే మనిషి మారకుండా చూసుకోవాలి. మారితే ఆ సంగతి ఫైల్లో రాయమని అడగాలి.

ఈ మధ్యలో వికలాంగుల సర్టిఫికెట్ సంగతి వచ్చింది. 2016 చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. దానికి వేరే కొలత, ఐడియాస్ అంటారు. మన దేశపు సైకియాట్రీ సంఘం తయారుచేసింది. తన పనులు తను చేసుకోవడం, మనుషులతో మెలగడం, చెప్పడం అర్థం చేసుకోవడం, పని, ఈ నాలుగూ, జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదీ చూస్తారు. 40 శాతం, ఆపైన వస్తే పథకాలు వర్తిస్తాయి. ఒక ఆఫీసులో "కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయి కదమ్మా" అన్నారు. ఆ మాటకు నా క్యాలెండర్ గడులు చూపించలేను కదా. తమ్ముడే నాతో "ఇప్పుడొద్దక్కా, కొన్నాళ్లు ఆగుదాం" అన్నాడు. వాడి మాటకే కట్టుబడ్డాం.

మందు వల్ల వచ్చింది, దిగులు వల్ల వచ్చింది, ఇంటి వాతావరణం వల్ల వచ్చింది తీసేస్తే ఇంకా మిగిలినదే జబ్బు సొంతం. మిగతా కారణాలు లేకుండా ఆరు నెలలైనా కదలకుండా ఉంటే దాన్ని నిలిచిపోయిన నెగెటివ్ లక్షణంగా లెక్కిస్తారు. మా తమ్ముడిలో అలా నిలిచింది ముఖమే. నవ్వు ఇప్పటికీ పెదవుల దాకా సగమే వస్తుంది. పూనుకుని చేయడం మాత్రం కదిలింది. మేనమామ మొబైల్ రిపేర్ షాపులో పూటంతా కూర్చుంటున్నాడు, డిస్‌ప్లేలు మార్చడం వచ్చింది. మొన్నటి కొలతలో 19. కోలుకోవడానికి 2005లో నిపుణులు పెట్టిన గీత ప్రకారం, పాన్స్‌లోని 8 ముఖ్యమైన అంశాలు ఆరు నెలలపాటు 3 దాటకూడదు. అందులో మూడు నెగెటివ్ లక్షణాలు. వాడికి ఏడు అంశాలు 3 లోపలికి వచ్చాయి, ముఖంలో భావం ఒక్కటే ఇంకా 4 దగ్గర ఉంది.

ఆ కాగితం వాడే అడిగి చూశాడు. ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివి, "మేడం, ఇది నాకు తక్కువ వెయ్యాలె. నేను లోపల నవ్వుతనే ఉన్న" అన్నాడు. మేడం అంకె మార్చలేదు. అది బయటికి కనిపించేదాన్ని కొలిచే అంశమని వాడికి వివరించి, వాడి మాటను వాడి మాటల్లోనే పక్కన రాసుకున్నారు. సారు ఇప్పుడు కారిప్రజైన్ అనే ఇంకో మందు గురించి ఆలోచిస్తున్నారు. నెగెటివ్ లక్షణాలే ప్రధానంగా మిగిలినవాళ్లలో అది రిస్పెరిడోన్ కన్నా కొంత మెరుగ్గా పనిచేసిందని 2017లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మందు మార్చేటప్పుడు గొంతులు తిరిగొచ్చే అవకాశం ఉంటుంది కనుక తొందరపడటం లేదు. మార్చే ముందు ఒకసారి, మార్చాక మళ్లీ, రెండుసార్లూ మేడమే కొలవాలని ఫైల్ మీద రాశారు.